చూపుల తక్కెడలో కండక్టరమ్మ

నా దగ్గరికి రెండు రకాల మనుషులు వస్తారు. గాయంతో వచ్చి వాదించేవాళ్ళు, గాయంతో వచ్చి వాదించనివాళ్ళు. రెండో రకాన్ని స్ట్రెచర్ మీద తెస్తారు. ఫోరెన్సిక్ డాక్టరుగా పాతికేళ్ళ నుంచీ ఈ రెండు రకాలతోనూ వేగుతున్నాను. నన్ను ఏడిపించింది మాత్రం ఎప్పుడూ మొదటి రకమే. పాపం, వాళ్ళు కూడా కాదు. వాళ్ళ వెనక వచ్చే లాయర్లు!

కాలు విరిగితే ఎక్స్‌రే చూపిస్తాం. పన్ను ఊడితే ఖాళీ చూపిస్తాం. మొహం మీద గాటు పడితే ఏం చూపిస్తాం? మొహం శాశ్వతంగా వికృతమైతే తీవ్ర గాయం, లేకపోతే మామూలు గాయం అని చట్టం ఒక్క ముక్కలో తేల్చేసి చేతులు దులుపుకుంది. తీవ్రమైతే కొట్టినవాడు జైలుకి, మామూలైతే జరిమానా కట్టి ఇంటికి. ఆ వికృతం ఏపాటిదో కొలిచి చెప్పాల్సింది నేను. నాకున్న పరికరాలు ఒక ప్లాస్టిక్ స్కేలు, ఒక జత కళ్ళు. నేను బోనెక్కి "వికృతమే" అనగానే అవతలి లాయరు లేచి, "డాక్టరుగారి కంటికి వికృతం, నా కంటికి విశేషం" అనేవాడు. అంకె లేని చోట లాయరుకి అన్నీ వంకలే. కొలత చెప్పడానికి వెళ్ళి కలతతో తిరిగొచ్చేవాణ్ణి.

"నాకో అంకె కావాలమ్మా శర్వాణీ!" అని మొత్తుకున్నాను ఓ రోజు. శర్వాణి మా వైద్య కళాశాలలో పరికరాల విభాగం ఇంజనీరు. వయసు నాలో సగం, వేగం నాకు రెట్టింపు.

"సార్, మీరిన్నాళ్ళూ తప్పు చోట స్కేలు పెట్టారు," అంది. "వికృతం మచ్చలో ఉండదు, చూసేవాడి చూపులో ఉంటుంది. మనం మచ్చని కాదు, చూపుని కొలుద్దాం!"

అలా పుట్టింది చూపుల తక్కెడ. చూడ్డానికి మామూలు కళ్ళజోడే. పెట్టుకున్నవాడి కనుపాప ఎటు కదిలితే అటు వెంటపడుతుంది. ఎదుటి మనిషి మొహం మీద చూపు మొదట ఎక్కడ వాలింది, అక్కడ ఎంతసేపు అతుక్కుంది, అతుక్కున్నాక సిగ్గుపడి ఎంత కంగారుగా పారిపోయింది, ఈ మూడూ కలిపి, మనం గుర్తు పెట్టిన చోటికి నూటికి ఇంత అని అంకె వేస్తుంది. పైగా మొహం బొమ్మ గీసి, చూపులు పడ్డ చోటల్లా ఎర్ర రంగు పూస్తుంది.

మొదటి ప్రయోగం నా మీదే. ఓపీలో ఓపిగ్గా కూర్చున్నవాళ్ళని కొందరిని బతిమాలి తెచ్చి, కళ్ళజోళ్ళు పెట్టి నా ఎదురుగా కూర్చోబెట్టాం. నా బట్టతల మీద యంత్రం భగ్గున మండుతుందని నేను ముందే గుండె చిక్కబట్టుకున్నాను. బొమ్మ వచ్చింది. బట్టతల తెల్లకాగితంలా ఉంది. ముక్కు కింద మాత్రం ఎర్రగా నిప్పు!

"సార్," అంది శర్వాణి నవ్వాపుకుంటూ, "బట్టతలని జనం ఎప్పుడో క్షమించేశారు. మీసానికి వేసిన రంగునే ఎవరూ క్షమించలేదు."

మీసం పోతే పోయింది, మాకు మాత్రం మీమాంస తీరింది! జిల్లా జడ్జిగారికి యంత్రాన్ని చూపించాం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, మా చేత గంటసేపు చెప్పించుకుని, "ప్రయోగంగా ఒక కేసులో చూద్దాం. నలభై దాటితే తీవ్ర గాయంగా తీసుకుంటాను," అన్నారు. యంత్రం అబద్ధం చెప్పదని నేను నిండు కోర్టులో ఛాతీ విరుచుకుని మరీ చెప్పాను.

ఆ ఒక్క కేసే తులసీరత్నం.

ఆవిడ బస్సు కండక్టరు. రొయ్యల చెరువుల ఆసామి కొడుకు అవతారం అనేవాడు ఆవిడ బస్సెక్కి, టికెట్ అడిగితే "నన్నే అడుగుతావా?" అన్నాడు. ఆవిడ విజిలేసి బస్సాపి, వాణ్ణి పంటకాలవ గట్టు మీద దింపేసింది. మర్నాడు బస్టాండులో వాడు పగిలిన సోడాసీసాతో వచ్చాడు. ఎడమ చెంప ఎముక నుంచి పెదవి చివరిదాకా గాటు. మానింది గానీ పెదవిని పైకి లాగేసింది. వాడు మళ్ళీ బస్సు మీదికొస్తాడన్న భయంతో, అప్పట్నించీ డిపో వాళ్ళు ఆవిడకి వెనక గదిలో టికెట్ రోళ్ళు సర్దే పని ఇచ్చారు. అవతారం బెయిలు మీద బయట తిరుగుతూ, "జరిమానా కట్టిన మర్నాడే దాని బస్సెక్కుతా, టికెట్ ఎలా కొడతాదో చూత్తా" అని కబురు పంపాడు. నా పేరు వామనమూర్తి. వాడి పేరు అవతారం. ఇద్దరం కలిస్తే ఎవడో ఒకడు పాతాళానికి వెళ్ళాల్సిందే కదా అని నవ్వుకున్నాను.

తులసీరత్నం వాళ్ళమ్మ పల్లాలమ్మని వెంటబెట్టుకుని ల్యాబుకి వచ్చింది. లోపల వరసగా వేసిన కుర్చీలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ డాక్టరుగారూ, ఇదేదో పెళ్ళిచూపుల్లాగుందండి. ఉప్మా కూడా పెడతారా?"

"ముప్పైమంది పెళ్ళికొడుకులమ్మా. ఏరుకో!"

"మా ఆయనకి ఓమాటు చెప్పొత్తానండి మరి," అంది. గలగలా నవ్వింది గానీ చెయ్యి చెంప మీదికి వెళ్ళింది. అంతలోనే గొంతు తగ్గించింది. "నలభై దాటాలండి. ఆడు లోపలుంటేనే నేను బస్సులో ఉంటాను. లేపోతే జీవితాంతం ఆ గదిలో రోళ్ళు సద్దుకోవడమేనండి."

పరీక్ష చకచకా అయిపోయింది. ముప్పైమంది కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు, తులసీరత్నం వాళ్ళ ముందు కూర్చుని పేరూ ఊరూ చెప్పింది, లేచి వచ్చేసింది. నేనూ శర్వాణీ తెర ముందు ముక్కులు ఆనించి నిలబడ్డాం. అంకె వచ్చింది.

ఆరు.

ఆ అంకె చూసి నా ఆశ ఆరిపోయింది. నా మీసానికే ముప్పై దాటింది, అంత గాటుకి ఆరా?

సాయంత్రానికల్లా అవతారం తరఫు లాయరు చిక్కాల సుందరం ఫోన్ చేశాడు. చిక్కాల వారి చేతికి చిక్కినవాడు చక్కగా బయటపడ్డ దాఖలా లేదు. "వామనమూర్తి గారూ! మీ తక్కెడకి గజమాల వేయిద్దామనుకుంటున్నానండీ. యంత్రం అబద్ధం చెప్పదన్నారు కదా, ఆ మాట మీద ఉండండి చాలు!"

శర్వాణి కళ్ళజోళ్ళన్నీ విప్పి మళ్ళీ బిగించింది. ఎక్కడా లోపం లేదు. రంగుల బొమ్మలో ఎడమ చెంప పాలిపోయి ఉంది. కుడి దవడ కింద, చెవికి దగ్గర్లో, కందిపోయినట్టు ఒక ఎర్రటి ముద్ద.

"అక్కడేముందమ్మా?"

"పుట్టుమచ్చ సార్. వీడియోలో చూశాను."

పుట్టుమచ్చ అంటే పుట్టుమచ్చే అనుకున్నాను. ఆవిణ్ణి పరీక్ష చేసినప్పుడు నేను స్కేలు పెట్టింది ఎడమ చెంపకి. కుడి చెంపతో నాకేం పని?

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చున్నాను. మా మనవరాలి అన్నప్రాశన ఫొటోలు స్టూడియో నుంచి వచ్చాయి. మా ఆవిడ సుభద్ర ఒక్కొక్కటే నా కంచం పక్కన పెడుతోంది.

"ఏం చుక్కే అది! బిడ్డ బుగ్గ మీద రూపాయి బిళ్ళంత," అన్నాను. "ఫొటోలో బిడ్డ కన్నా ముందు చుక్కే కనపడుతోంది."

"మరి పెట్టేది ఎందుకనుకున్నారు? చూసేవాళ్ళ కన్ను ముందు దానిమీద పడాలనే కదా! దిష్టంతా అదే లాగేసుకుంటుంది."

పప్పన్నం ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కన్ను. ముందు. దానిమీద. పడాలనే!

"సుభద్రా! నువ్వు మేధావివి!"

"ఇన్నేళ్ళకి తెలిసింది. చెయ్యి కడుక్కుని..."

ఎక్కడ కడుక్కోవడం! ఎంగిలి చేత్తోనే ఫోనందుకుని శర్వాణిని పిలిచాను. అరగంటలో ఇద్దరం తులసీరత్నం ఇంటి ముందు స్కూటరు దిగాం. పల్లాలమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

"పల్లాలమ్మగారూ! ఆ రోజు మీ అమ్మాయికి దవడ మీద కాటుక చుక్క పెట్టారా?"

"ఆయ్, పెట్టేనండి," అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు. "నా కూతురి మొకంలోకి ముప్పైమంది పరాయోళ్ళు కళ్ళద్దాలెట్టుకుని మరీ చూత్తారంటే, ఉత్తినే పంపేత్తానాండి? అసలే దెబ్బ తిన్న పిల్ల. మీరు కళ్ళజోళ్ళు సద్దుతుంటే సాటుగా పెట్టేశాను."

శర్వాణి అరుగు మీదే గంతేసింది. "సార్! చుక్క చూపుకి ఎర సార్! తెల్లటి చోట నల్లటి గుండ్రం, అదీ ఓ వారగా! కన్ను మచ్చ దాకా రాకుండానే దానికి దొరికిపోతుంది! ఎంతమంది అమ్మమ్మలు ఎన్ని తరాలుగా చేస్తున్న ప్రయోగం సార్ ఇది! మనకి ముప్పై కళ్ళజోళ్ళు కావాల్సొచ్చాయి!"

నేను కూడా గంతేసేవాణ్ణే, అరుగు వయసూ నా బరువూ చూసి ఊరుకున్నాను.

తులసీరత్నం లోపల్నించి వచ్చి గుమ్మం పట్టుకుని వింది. "అంటే ఆ ముప్పైమందీ నా మచ్చ చూడలేదా అండీ? ఇంతుంటాది ఆ సుక్క, దానికేనా?" లోపలికి పరిగెత్తి అద్దం తెచ్చుకుంది. మొహం ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆవిడ ఆనందం చూస్తే మా పరిశోధనకి బహుమతి అక్కడే వచ్చేసినట్టయింది.

తర్వాత అద్దం ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే సుక్క లేకుండా మళ్ళీ కూర్చోవాలాండి?"

"కూర్చోవాలమ్మా. అప్పుడే అసలు అంకె వస్తుంది."

"ఒక మాట చెప్తానండి, నవ్వకండి. ఆరొచ్చిందన్న రోజు కేసు పోతాదని ఏడిశాను. కానీ లోపలెక్కడో సంతోషం కూడా ఏసిందండి. పర్లేదే, అంత అసయ్యంగా లేనన్నమాట అనుకున్నాను." అద్దాన్ని బోర్లించింది. "ఇప్పుడు నేను గెలవాలంటే నా మొహం చూసి జనం జడుసుకోవాలి. ఎంత జడుసుకుంటే నాకు అంత మంచిది. ఇదెక్కడి పందెమండీ?"

శర్వాణి ఆవిడ పక్కన అరుగు మీద కూలబడింది. "అక్కా, నేను దీన్ని చేసింది మీ తరఫున మాట్లాడుతుందనుకుని. మీకు మార్కులెయ్యడానికి కాదు. వద్దంటే చెప్పండి, రేపే విప్పేస్తాను."

"ఇప్పేత్తే ఆడు నా బస్సెక్కుతాడు," అంది తులసీరత్నం. "కూర్చుంటానండి."

వాయిదా రోజున కోర్టు కిటకిటలాడిపోయింది. చుక్క సంగతి ఎలాగో పాకిపోయి, దిష్టి తగిలేంతమంది జనం. సుందరం నల్లకోటు సర్దుకుని లేచాడు.

"యువరానర్! డాక్టరుగారే ఒప్పుకుంటున్నారు. ఒక్క కాటుక చుక్కతో ఈ వికృతం ఆరుకి పడిపోయింది. కాటుకతో పోయేదాన్ని శాశ్వతం అంటారా? ఆవిడకి కావాల్సింది న్యాయం కాదు, కాటుక భరిణె!"

హాలంతా గొల్లుమంది. నాకు అరికాలి మంట బట్టతలకెక్కింది.

"సుందరంగారూ, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు కాబట్టి వాడి కాలు విరగలేదంటారా? కట్టుడు పళ్ళతో చెరుకు కొరికితే పళ్ళు రాలగొట్టినవాణ్ణి వదిలేస్తారా? ఊత వేరు, ఊడటం వేరు!"

జడ్జిగారు బల్ల మీద తట్టారు. "గాయాన్ని ఊత లేకుండానే కొలవాలి. పరీక్ష ఇక్కడే, ఇప్పుడే."

"అయితే చూసేవాళ్ళని నేను ఎంచుకుంటాను," అన్నాడు సుందరం. "డాక్టరుగారు సున్నిత మనస్కుల్ని తెస్తారు."

జడ్జిగారు సరే అన్నారు. సుందరం వరండాలోకి వెళ్ళి, వేరే కేసులకి వచ్చినవాళ్ళలోంచి రాటుదేలిన వాళ్ళనే ఏరుకొచ్చాడు. చేపల రేవులో వేలం పాటదారు, మీసాల హెడ్ కానిస్టేబులు, ఇద్దరు లారీ డ్రైవర్లు, పొలం తగాదాలో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్న ఒక ముసలాయన, ఇంకా అలాంటివాళ్ళే. ఎవరూ తులసీరత్నాన్ని ముందెప్పుడూ చూడలేదు. శర్వాణి వాళ్ళకి కళ్ళజోళ్ళు తగిలించి, తెరని అందరికీ కనపడేలా పెట్టింది.

తులసీరత్నం మొహం కడుక్కుని వచ్చింది. పమిట చెంప మీదికి లాక్కోలేదు. వాళ్ళ ఎదురుగా నిలబడి తలెత్తింది.

అంకె లేడిపిల్లలా గంతేసింది. ఇరవై. నలభై! యాభై ఆరు! పాటదారు చూపు మచ్చ మీద పడి నేల మీదికి జారింది. కానిస్టేబులు గోడ గడియారం వంక చూశాడు. డెబ్బై నాలుగు!

నేను కుర్చీలోంచి లేచిపోయాను. గెలిచాం! అరవబోయి తులసీరత్నం వైపు చూశాను. ఆవిడ తెరనే చూస్తోంది. పల్లాలమ్మ వెనక బెంచీ మీద కొంగు నోట్లో కుక్కుకుంది. నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

"డెబ్బై నాలుగా అండీ?" అని తులసీరత్నమే అడిగింది, స్టేజీ పేరు అడిగినట్టు. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచి, నేల చూపులు చూస్తున్న పాటదారు వైపు తిరిగింది. "ఏవండీ, మీది రేవేనా? మా బస్సులో మీవాళ్ళు బుట్టలేసుకుని ఎక్కుతారండి. బుట్టకి లగేజీ టికెట్ అడిగితే, చేప నా సుట్టమేనంటారు."

పాటదారు గతుక్కుమని తలెత్తాడు. "మా బావమరిదండి ఆ కూత కూసేది!"

"ఓ, ఆయనాండి? పండుగొప్ప చేప ఇత్తానని ఏడాదిగా ఊరిత్తన్నాడండి!"

డ్రైవర్లు నవ్వారు. ముసలాయన నవ్వాడు. కానిస్టేబులు గడియారాన్ని వదిలేసి ఇటు తిరిగాడు. చూపులు ఆవిడ కళ్ళలోకి ఎక్కాయి. తెర మీద అంకె జారడం మొదలెట్టింది. అరవై. యాభై. నలభై నాలుగు.

నలభైకి దిగువన వచ్చి ఆగింది. ముప్పై ఒకటి.

"చూశారా యువరానర్!" సుందరం ఎగిరి గంతేశాడు. "రెండు కబుర్లకే కరిగిపోయింది! ఇదా శాశ్వతం? ఇంకో పది నిమిషాలు మాట్లాడనిస్తే ఆవిడకి మచ్చే ఉండదు!"

తన మాట చలవే తన కేసు కొంప ముంచుతోంది! శర్వాణి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తులసీరత్నం వైపు చూశారు. "దీనికి మీరేమైనా చెప్పుకుంటారా అమ్మా?"

"ఆయన చెప్పింది నిజవేనండి," అంది తులసీరత్నం. "మాటాడితే తగ్గుతాది. మా ఇంట్లో ఎప్పుడో సున్నా అయిపోయింది. మా ఆయన కాఫీలో పంచదార తక్కువైతే చూత్తాడు గానీ నా మచ్చ చూడడు. కానండి, నేను కండక్టర్ని. స్టేజీ స్టేజీకీ కొత్తవాళ్ళెక్కుతారు. ఈళ్ళందర్నీ నవ్వించి ముప్పైకి దింపుతాను, వచ్చే స్టేజీలో ఇంకో పదిమంది ఎక్కుతారు. మళ్ళీ డెబ్బై నాలుగు. మళ్ళీ నవ్వించాలి. దిగిపోతారు, ఇంకొకళ్ళు ఎక్కుతారు. రిటైరయ్యేదాకా నాకు ప్రతి స్టేజీలోనూ డెబ్బై నాలుగేనండి. తగ్గించుకోవడం నా కష్టం. అది నేను పడతాను. ఆడు చేసిన పనికి నా కష్టాన్ని తగ్గింపు ఇవ్వమంటే ఎలాగండి?"

సుందరం కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

జడ్జిగారు రాసుకుంటూనే అన్నారు. "డాక్టరుగారూ, ఇకపైన మీ యంత్రం మొదటి చూపునే లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత తగ్గినదంతా బాధితురాలి సొంత సంపాదన. దాంట్లో నిందితుడికి వాటా లేదు. ఇది తీవ్ర గాయమే."

ఆ మాటతో హాలు పేలిపోయింది. పాటదారు కళ్ళజోడు పెట్టుకునే చప్పట్లు కొట్టాడు. నేను శర్వాణిని, శర్వాణి పల్లాలమ్మని, పల్లాలమ్మ ఎందుకో ఆ కానిస్టేబుల్నీ పట్టుకుని ఊపేశాం. తులసీరత్నం మాత్రం తెర వైపే చూస్తూ నిలబడింది. శర్వాణి వెళ్ళి దాన్ని ఆపేసింది. "చూసేశాను కదమ్మా, ఇంకెందుకులే ఆపడం," అని ఆవిడ భుజం తట్టింది తులసీరత్నం.

అవతారానికి శిక్ష ఖాయమై, వాణ్ణి జైలుకి తీసుకెళ్ళిన వారంలోనే డిపో వాళ్ళు తులసీరత్నానికి బస్సు డ్యూటీ ఇచ్చారు. మొదటి రోజున నేనూ శర్వాణీ పనిగట్టుకుని ఆ బస్సే ఎక్కాం. పొద్దున్న బస్సు, కాలేజీ పిల్లలూ కూరగాయల గంపలూ కలిసి ఊపిరాడని రద్దీ. కాలవ దగ్గర స్టేజీలో ఒక గుంపు ఎక్కింది. ముందున్న ఖద్దరు చొక్కా పెద్దమనిషి మెట్టు మీద కాలు పెట్టి, తలెత్తి, ఆవిడ మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు. వెనకవాళ్ళు తోస్తున్నా కదల్లేదు. నేను పైకమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

తులసీరత్నం టికెట్ మిషను చంకకి జరుపుకుని, విజిలు నోట్లోంచి తీసి, బస్సు చివరి సీటు దాకా వినపడేలా అంది:

"చూడ్డం అయిపోతే లోపలికి జరగండి బాబూ! ఎనకాలోళ్ళు కూడా చూడాలి కదా!"